పసికందు చెవిలో తొలి పలుకు

కోనసీమలో ముస్లిం ఇంట బిడ్డ పుడితే మొట్టమొదట జరిగే పని ఒకటి ఉంది. అమలాపురం ఆసుపత్రిలో పుట్టినా, రాజోలు పక్క పల్లెలో పుట్టినా, కొత్తపేట ప్రాంతపు కొబ్బరితోటల నడుమ పుట్టినా, ఒళ్లు తుడిచి మెత్తని గుడ్డలో చుట్టిన శిశువును తాతో తండ్రో చేతుల్లోకి తీసుకుంటాడు. కుడిచెవి దగ్గరగా వంగి, గొంతు తగ్గించి అజాన్ పలుకుతాడు. ఆ మాటల అర్థం బిడ్డకు తెలియదు. ఆ సంగతి పెద్దలకూ తెలుసు. అయినా బిడ్డ పెద్దయి అర్థం చేసుకునేదాకా ఆగుదామని ఎవరూ అనరు.

అర్థం తెలియని ప్రాణి చెవిలో మాట పలకడం దేనికి? ఈ ప్రశ్నకు ధర్మశాస్త్ర పండితులు ఒక విధంగా, హకీములు మరొక విధంగా, నేటి శాస్త్రజ్ఞులు ఇంకొక విధంగా జవాబు చెప్పారు. మధ్యలో ఒక చక్రవర్తి ఈ ప్రశ్నను తిరగవేసి పరీక్షించి, దాని మూల్యాన్ని ఇతరుల బిడ్డలచేత చెల్లింపజేశాడు. ఈ జవాబులన్నింటినీ ఒకచోట చేర్చి చూస్తే, ముస్లిం తల్లిదండ్రుల బాధ్యత ఎంతటిదో స్పష్టమవుతుంది.

వినికిడికి తొలి స్థానం

మానవుడు తల్లి గర్భం నుండి ఏమీ తెలియని స్థితిలో బయటికి వస్తాడని, అతనికి వినికిడిని, చూపును, హృదయాన్ని ప్రసాదించినవాడు అల్లాహ్ అని దివ్య ఖుర్ఆన్ నహల్ సూరా 78వ ఆయత్ బోధిస్తున్నది. ఈ మూడు వరాలలో వినికిడే మొదట పేర్కొనబడింది. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఈ క్రమాన్ని ప్రత్యేకంగా గమనించారు. జ్ఞానం ప్రవేశించే తొలి ద్వారం చెవి అని వారు వివరించారు.

హజ్రత్ ఫాతిమా (రజి)కు హసన్ (రజి) జన్మించినప్పుడు దైవప్రవక్త (స) ఆ శిశువు చెవిలో అజాన్ పలకడం తాను చూశానని హజ్రత్ అబూ రాఫె (రజి) ఉల్లేఖించారు. ఇది అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. ఇమామ్ తిర్మిజీ దీనిని స్వీకరించారు. అయితే ఉల్లేఖన పరంపరలోని ఆసిమ్ బిన్ ఉబైదుల్లాహ్ విషయంలో పలువురు హదీసు పండితులు బలహీనతను ఎత్తిచూపారు. ఎడమచెవిలో ఇఖామత్ పలకడాన్ని గురించిన ఉల్లేఖనం ఇంతకంటే బలహీనమైనది. ఈ భేదాభిప్రాయాలు ఉన్నప్పటికీ నవజాత శిశువుకు అజాన్ వినిపించడం ముస్లిం సమాజంలో తరతరాలుగా స్థిరపడిపోయింది.

పసివారితో దైవప్రవక్త (స) వ్యవహరించిన తీరును గురించి మాత్రం ఏ సందేహానికీ తావులేదు. బుఖారీ గ్రంథంలోని ఒక సంఘటన ఈ సందర్భంలో గమనించదగినది. ఉమ్మె ఖాలిద్ (రజి) అబిసీనియా వలసలో పుట్టిన బాలిక. ఆమె చిన్నతనంలో దైవప్రవక్త (స) ఆమెకు ఒక వస్త్రం తొడిగి, బాగుంది అనే అర్థంలో ‘సనాహ్’ అన్నారు. అది అరబ్బీ మాట కాదు, అబిసీనియా మాట. ఆ పసిచెవికి అలవాటైన భాషలో ఆయన ఆమెను పలకరించారు. అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌ను అతని పెంపుడు పిట్టను గురించి అడిగి పలకరించేవారు. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడ్పు వినబడితే, తల్లి మనసు కలత చెందుతుందని నమాజును క్లుప్తం చేసేవారు. బిడ్డ చేసే ప్రతి శబ్దానికీ పెద్దల నుండి ఒక జవాబు ఉండాలనే నీతి ఈ సంఘటనలలో ఇమిడి ఉన్నది.

హకీముల గ్రంథాలలో శిశువు

హిజ్రీ నాలుగవ శతాబ్దం నాటికే ముస్లిం వైద్యులు శిశుపోషణను ఒక ప్రత్యేక శాస్త్రంగా తీర్చిదిద్దారు. ఖైరవాన్ నగరవాసి ఇబ్నుల్ జజ్జార్ పిల్లల పోషణ, చికిత్సలపైన ప్రత్యేక గ్రంథం రచించాడు. అదే శతాబ్దంలో కార్డోవాకు చెందిన అరీబ్ బిన్ సఅద్ గర్భస్థ శిశువు, గర్భిణి, నవజాత శిశువుల సంరక్షణను గురించి మరొక గ్రంథం వ్రాశాడు.

ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ మొదటి సంపుటంలో శిశువుకు రెండు వస్తువులు అవసరమని చెప్పాడు. ఒకటి మెల్లని కదలిక, అనగా ఊయల. రెండవది నిద్రపుచ్చేటప్పుడు పాడే జోల. మొదటిది దేహానికి వ్యాయామమైతే, రెండవది ఆత్మకు పోషణ అని ఆయన వివరణ. శిశువును తీవ్రమైన కోపానికి, భయానికి, నిద్రలేమికి లోనుకానీయరాదని కూడా ఆయన హెచ్చరించాడు. స్వభావంలో సమతౌల్యం శైశవంలోనే ఏర్పడుతుందని ఆయన నమ్మకం.

ఇమామ్ గజాలీ (1058–1111) వైద్యుడు కాడు. అయినా ‘ఇహ్యా’ గ్రంథంలో, శ్రావ్యమైన స్వరాల ప్రభావాన్ని చర్చిస్తూ ఊయలలోని బిడ్డనే ఉదాహరణగా తీసుకున్నారు. ఏడుస్తున్న శిశువు మధురమైన గొంతు వినగానే ఏడ్పు మాని, అటువైపు చెవి ఒగ్గుతుందని ఆయన గమనించారు.

అందరికంటే ముందడుగు వేసినవారు దమిష్కుకు చెందిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిం (1292–1350). నవజాత శిశువుకు సంబంధించిన ఆదేశాలపైన ఆయన ‘తుహ్ఫతుల్ మౌదూద్’ అనే గ్రంథం రచించారు. బిడ్డ లోకంలో అడుగుపెట్టగానే చెవిన పడే తొలి మాటలు దైవ ఘనతను చాటేవి కావాలని, బిడ్డ గ్రహించకపోయినా వాటి ప్రభావం హృదయానికి చేరుతుందని ఆయన అజాన్ పరమార్థాన్ని వివరించారు. అదే గ్రంథంలో మరొకచోట, కర్ణకఠోరమైన పెనుశబ్దాల నుండి, భయంకర దృశ్యాల నుండి, కుదిపివేసే కదలికల నుండి శిశువును కాపాడాలని చెప్పారు. బుద్ధిశక్తి ఇంకా దుర్బలంగా ఉన్న దశలో అటువంటివి దానిని చెరపవచ్చునని, పెద్దయిన తర్వాత కూడా ఆ బుద్ధి అక్కరకు రాకపోవచ్చునని ఆయన హెచ్చరిక. ఒకవేళ బిడ్డ భయపడితే వెంటనే లాలించి, రొమ్ము అందించి, మెల్లగా ఊపి ఆ భయాన్ని మరపింపజేయాలని చికిత్స కూడా సూచించారు. శబ్దానికీ శిశువు మేధకూ గల సంబంధాన్ని పద్నాలుగవ శతాబ్దంలో ఇంత సూటిగా చెప్పడం ఆశ్చర్యకరమైన విషయం.

కోనసీమవాసులకు ఈ మాట పరాయిది కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చమురు సంస్థ తవ్విన బావి నుండి సహజవాయువు ఎగజిమ్మి మండింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. మరుసటి ఏడు, 1996 నవంబరు 6 రాత్రి, తుఫాను హోరులో ఈ సీమ కొబ్బరితోటలు నేలకూలాయి. అటువంటి రాత్రులలో బిడ్డను గుండెకు హత్తుకుని, చెవి కప్పి, పాలిచ్చి ఊరడించిన తల్లులు చేసినది ఇబ్నుల్ ఖయ్యిం చెప్పిన చికిత్సే.

అక్బర్ మూగ మహలు

శిశువుకు మాట వినిపించకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మొగలు చరిత్రలో ఉంది. అది దుఃఖకరమైన జవాబు.

ప్రతి శిశువూ ఫిత్రత్ పైన, అనగా సహజ ధర్మంపైన జన్మిస్తుందని, తల్లిదండ్రులే ఆ బిడ్డను ఒక మతంలోకో మరొక మతంలోకో మళ్లిస్తారని ప్రసిద్ధమైన హదీసు ఉంది. అక్బర్ కొలువులో ఈ విషయం చర్చకు వచ్చింది. ఎవరి మాటా చెవిన పడకుండా పెరిగిన బిడ్డ ఏ భాష మాట్లాడుతుంది? ఏ మతం వైపు మొగ్గుతుంది? దానిని పరీక్షించడానికి 1578 ప్రాంతంలో జనావాసాలకు దూరంగా ఒక భవనం ఏర్పాటయింది. చరిత్రకారుడు బదాయూనీ వ్రాసినదాని ప్రకారం సుమారు 20 మంది చంటిబిడ్డలను, తల్లులకు సొమ్ము ముట్టజెప్పి, తెచ్చి అందులో ఉంచారు. దాదులను నియమించారు. పాలు పట్టాలి, శుభ్రపరచాలి, అంతేగాని ఒక్క మాట కూడా పలకరాదని కట్టడి చేశారు. జనం ఆ ఇంటికి ‘గుంగ్ మహల్’, అంటే మూగ మహలు అని పేరు పెట్టారు.

అబుల్ ఫజల్ ‘అక్బర్ నామా’లో ఈ ఉదంతాన్ని చక్రవర్తి పక్షాన వ్రాశాడు. వినికిడి వల్లనే మాట వస్తుందని, మానవుల పలుకు సోకకపోతే బిడ్డలకు భాష రాదని అక్బరే అభిప్రాయపడ్డాడని, సందేహించినవారికి నిరూపించడానికే ఈ ఏర్పాటు జరిగిందని అతని కథనం. 1582లో అక్బర్ స్వయంగా ఆ భవనానికి వెళ్లాడు. అక్కడి పిల్లల నోట మాట లేదు. మూగవారు చేసే ధ్వనులు తప్ప మరేమీ వినబడలేదు. పిల్లలందరూ మూగవారయ్యారనీ, అనేకులు మట్టిలో కలిసిపోయారనీ బదాయూనీ వ్రాశాడు. ఈ ఇద్దరు చరిత్రకారులు ఏ విషయంలోనూ సులభంగా ఏకీభవించరు. అక్బర్‌ను పొగడడం ఒకరి పని, తెగడడం మరొకరి పని. కాని ఆ పిల్లలకు మాట రాలేదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే సాక్ష్యం.

ఇటువంటి పరీక్ష అక్బర్ ఒక్కడే చేయలేదు. పదమూడవ శతాబ్దంలో ఐరోపా చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ కూడా దాదులచేత మౌనం పాటింపజేశాడని, ఆ పిల్లలు దక్కలేదని సాలింబేనే అనే క్రైస్తవ సన్యాసి వ్రాశాడు.

మూగ మహలులోని పిల్లలకు పాలకు కొదవలేదు, బట్టకు కొదవలేదు, నీడకు కొదవలేదు. కొదవ మాటకే. ఫిత్రత్ అంటే బిడ్డ లోపల ముందుగా వ్రాసిపెట్టిన భాష అని భావించడమే ఆ పరీక్షలోని మౌలికమైన పొరపాటు. హదీసులోనే తల్లిదండ్రుల ప్రస్తావన ఉన్నది. ఫిత్రత్ విత్తనం వంటిది. మొలకెత్తే శక్తి దైవదత్తం. నీరు పోసే బాధ్యత మాత్రం చుట్టూ ఉన్న మనుషులకు అప్పగించబడింది. ఆ పిల్లల విషయంలో ఆ అమానత్ చెల్లలేదు.

దక్కన్ జోలపాటలు

అక్బర్ మూగ మహలు నడిపిన కాలానికి గోదావరి తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. ఆ కొలువులో ఫారసీతోపాటు తెలుగు, దక్కనీ ఆదరణ పొందాయి. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను పోషించాడు. అతని కుమారుడు ముహమ్మద్ కులీ దక్కనీ కవితలలో తెలుగు మాటలు కూడా కనిపిస్తాయి.

ఇదే దక్కన్‌లో, ముఖ్యంగా బీజాపూర్ ప్రాంతంలో, సూఫీలు సామాన్య స్త్రీల కోసం దక్కనీ భాషలో పాటలు కట్టారు. తిరగలి తిప్పుతూ పాడేవి చక్కీనామాలు, రాట్నం వడుకుతూ పాడేవి చర్ఖానామాలు, బిడ్డను ఊపుతూ పాడేవి లోరీనామాలు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1970లలో ఈ సాహిత్యాన్ని పరిశీలించి, దక్కన్ సామాన్య జనుల ఇళ్లలోకి ఇస్లాం చేరడంలో ఈ పాటలకు పెద్ద పాత్ర ఉందని ప్రతిపాదించాడు. మద్రసాకు పోయే వయసు రాకముందే, ఊయలలోనే, తల్లి గొంతు ద్వారా బిడ్డకు దైవనామం పరిచయమయింది.

నేటి శాస్త్రం చెప్పినది

ఇరవయ్యవ శతాబ్దపు పరిశోధనలు ఈ విషయాన్ని కొలిచి చూపాయి. తల్లి గర్భంలో ఆరు నెలలు నిండే నాటికే శిశువు చెవి పనిచేయడం మొదలుపెడుతుంది. 1980లో అమెరికా శాస్త్రజ్ఞులు డికాస్పర్, ఫైఫర్ పుట్టి మూడు రోజులైనా కాని శిశువులను పరీక్షించారు. పాలపీక చప్పరించే వేగాన్ని బట్టి తల్లి గొంతు గాని, పరాయి స్త్రీ గొంతు గాని వినబడే ఏర్పాటు చేశారు. శిశువులు తల్లి గొంతు వినబడే విధంగానే చప్పరించారు.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రకటించిన పరిశోధన తెలుగువారికి ఇట్టే బోధపడుతుంది. ఇంగ్లీషు వాతావరణంలో పెరిగే శిశువులకు హిందీలోని త, ట ధ్వనులవంటి భేదాలను వినిపించారు. ఆరు నుండి ఎనిమిది నెలల వయసులో వారు ఆ తేడాను గుర్తించారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి సన్నగిల్లింది. చెవిన పడని ధ్వనిని మెదడు విడిచిపెడుతుంది. దీనికి కోనసీమ కాలువలే దృష్టాంతం. నీరు పారే బోదె నిలుస్తుంది, పారనిది పూడిపోతుంది. పుట్టిన తొలి సంవత్సరాలలో మెదడులోని నాడీకణాల మధ్య లెక్కకు మించిన సంధులు ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, మిగిలినవి రాలిపోతాయి.

అయితే ఏ శబ్దమైనా సరిపోతుందా? 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చైనా భాష వినిపించింది. మనిషి ఎదుట కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ శిశువులు కొత్త ధ్వనులను నేర్చుకున్నారు. అదే మనిషి, అవే మాటలు టెలివిజన్ తెరపైన చూపితే ఏమీ నేర్వలేదు. శిశువు ‘ఉంగా’ అన్నప్పుడు తిరిగి ‘ఉంగా’ అనే మనిషి కావాలి. ఆ జవాబే మెదడుకు ఆహారం.

ఈ తేడా గ్రహించక సంగీతం వినిపిస్తే చాలు పిల్లలు మేధావులవుతారనే భ్రమ కొంతకాలం లోకాన్ని ఊపివేసింది. దానికి ఆధారమైన 1993 నాటి పరీక్ష కళాశాల విద్యార్థుల మీద జరిగింది, శిశువుల మీద కాదు. కనబడిన ప్రయోజనం పది పదిహేను నిమిషాలకు మించలేదు. శిశువు పక్కన ఫోను పెట్టి ఖుర్ఆన్ తిలావత్ రికార్డు నడిపి, తమ పనుల్లోకి పోయే తల్లిదండ్రులు కూడా ఈ విషయం ఆలోచించాలి. తిలావత్ శ్రేష్ఠతలో సందేహం లేదు. కాని రికార్డు బిడ్డ కళ్లలోకి చూడదు, బిడ్డ నవ్వితే నవ్వదు. తల్లి స్వయంగా ఒక చిన్న సూరా పఠిస్తూ ఊపడం దానికంటె మిన్న.

తెలుగు పల్లెల్లో జరిగిన పరీక్ష

ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన పరిశోధన ఒకటి ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, ఆమె సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాలలో 600 మంది తల్లీబిడ్డలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. గ్రామాలను మూడు భాగాలు చేశారు. మొదటి భాగంలో అంగన్వాడీ సేవలు మాత్రమే. రెండవ భాగంలో వాటికి తోడు అనుబంధాహారంపైన ఇంటింటి సలహాలు. మూడవ భాగంలో ఆహార సలహాలతోపాటు బిడ్డ సైగలను గమనించి బదులివ్వడం, మాట్లాడడం, సాదాసీదా బొమ్మలతో ఆడించడం కూడా తల్లులకు నేర్పారు. శిశువుల వయసు మూడు నెలల నుండి పదిహేను నెలలు వచ్చేదాకా ఇది సాగింది. చివరకు మానసిక వికాసపు కొలతలో మూడవ భాగంలోని పిల్లలు మెరుగుగా నిలిచారు. తిండి ఎంత అవసరమో, పలకరింపు కూడా అంత అవసరమని తేలింది.

ఈ విద్య కోనసీమ అమ్మమ్మలకు, నానమ్మలకు కొత్తది కాదు. చాచిన కాళ్లపై పడుకోబెట్టి నూనె రాసి లాల పోయడం, చీర ఊయల, గిలక్కాయ, దోబూచులాట, చప్పట్లు, ఉగ్గు పెడుతూ చెప్పే కబుర్లు, ఇవన్నీ ఆ శిక్షణలో భాగాలే. నూనెను చెవిలో పోయడం మాత్రం మానాలి. అది చెవికి హాని.

కోనసీమ ముందున్న ప్రశ్న

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుండి, అమలాపురం చుట్టుపక్కల నుండి వేలాది కుటుంబాలు గల్ఫ్ సంపాదనపైన ఆధారపడి ఉన్నాయి. పురుషులే కాదు, ఇంటిపనికి కువైట్, మస్కట్, దోహా వెళ్లిన స్త్రీలు కూడా అనేకులు. అక్కడ పరాయి ఇంటి బిడ్డను జోకొట్టే తల్లికి, ఇక్కడ తన బిడ్డ గొంతు ఫోనులో వినబడుతుంది. పేదరికం తెచ్చిన ఈ ఎడబాటుకు ఆ తల్లిని నిందించడం న్యాయం కాదు.

ఈ సందర్భంలో సీరత్ గ్రంథాలను స్మరించుకోవాలి. దైవప్రవక్త (స) శైశవం తల్లి ఒడిలో కాక, బనూ సఅద్ తెగకు చెందిన హలీమా ఇంట గడిచింది. పిల్లలకు ఆరోగ్యంతోపాటు స్వచ్ఛమైన భాష అబ్బాలని కురైషులు వారిని ఎడారి తెగలకు పంపేవారు. తల్లి దూరమైనా హలీమా ఉంది, ఎత్తుకుని ఆడించడానికి అక్క షైమా ఉంది. బిడ్డను పలకరించే గొంతు కరువు కాలేదు. కోనసీమలో వలస వెళ్లిన తల్లి స్థానంలో నిలిచిన అమ్మమ్మ, పిన్ని, మేనత్త ఆ హలీమా స్థానంలో ఉన్నారు. బిడ్డ ఏడ్పు మాన్పడానికి వారు ఫోను చేతికిస్తే, ఆ ఇంట మూగ మహలు మొదలైనట్లే. ఏడాది లోపు బిడ్డకు తెర చూపనేరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అయితే రెండేళ్లు దాటిన పిల్లలు వీడియో సంభాషణలో కొత్త మాటలు నేర్చుకోగలరని, రికార్డు చేసిన బొమ్మ నుండి అవే మాటలు నేర్వలేరని 2014లో ఒక అమెరికా పరిశోధన చూపింది. కాబట్టి కువైట్‌లోని తల్లి రోజూ పది నిమిషాలు బిడ్డ పేరు పిలిచి, ఆగి, బిడ్డ పలికినదానికి బదులు పలికితే అది వృథా పోదు.

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు వింటే బిడ్డ తికమక పడుతుందని కొందరి భయం. రెండు భాషలు వింటూ పెరిగే శిశువుల మెదడు ఆ రెండింటినీ వేరుచేసుకోగలదు. ఉమ్మె ఖాలిద్ (రజి)ను పలకరించిన తీరే దీనికి మేలైన ఆదర్శం. పెద్దలకు ఏ భాషలో మనసు విప్పి మాట్లాడడం వస్తుందో, ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడాలి.

చివరగా, అజాన్ పలికినా ఆ మాట చేరని చెవులు కూడా ఉంటాయి. పుట్టు చెవుడు గల శిశువు బయటికి మామూలుగానే కనిపిస్తుంది. మాట ఆలస్యమైతే, తండ్రికి కూడా ఆలస్యంగానే వచ్చిందని పెద్దలు ఊరుకుంటారు. అంతలో విలువైన కాలం జారిపోతుంది. వంశంలో దాగిన కొన్ని చెవుడు లక్షణాలు రక్తసంబంధీకుల వివాహాలలో బయటపడే అవకాశం ఎక్కువ. ఇది మేనరికాలు చేసుకునే అన్ని తెలుగు కులాలకూ, పెదనాన్న చిన్నాన్న పిల్లల మధ్య వివాహాలు చేసే ముస్లింలకూ సమానంగా వర్తిస్తుంది. అటువంటి వివాహాన్ని షరీఅత్ అనుమతించింది, ఆదేశించలేదు. నవజాత శిశువు వినికిడి పరీక్ష కొద్ది నిమిషాల పని, నొప్పి లేనిది. ఒక నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల ప్రమాణం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చెవి లోపల యంత్రం అమర్చే ఖరీదైన శస్త్రచికిత్సకు కూడా చోటు లభించింది. ఆలస్యం చేయకపోవడమే తల్లిదండ్రుల వంతు.

చెవిలో పలికే అజాన్ వైద్యం కాదు, అది ఆరాధనా భావంతో చేసే పని. దాని విలువ ఏ ప్రయోగశాల ఫలితం మీదా ఆధారపడి లేదు. కాని బిడ్డకు అర్థం తెలియకముందే మాట అందించాలన్న వివేకం అందులో ఉంది. అజాన్ ఒక్క నిమిషంలో ముగుస్తుంది. ఆ తర్వాత వచ్చే వెయ్యి రోజులలో ఆ చెవిన ఎవరి గొంతు పడుతుంది, ఎంత ప్రేమతో పడుతుంది అన్నది ఆ ఇంటివారి చేతిలో ఉన్నది. బిడ్డ అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను గురించి ప్రతి ఒక్కరూ రేపు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.